రెండు 111 జీవోలు

హైదరాబాద్‌లో ‘ట్రిపుల్ వన్ జీవో’ అంటే తెలియనివాళ్ళు తక్కువ. 1996 మార్చి 8న వచ్చిన ఆ ఉత్తర్వు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, కట్టడాల మీద ఆంక్షలు పెట్టింది. నగరం తాగే నీళ్ళు పాడవకూడదని పెట్టిన జీవో అది. దాని మీద కోర్టుల్లో కేసులు నడిచాయి, ఎన్నికల్లో హామీలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో దాన్ని సడలిస్తూ 69 నంబరు జీవో ఇస్తే దాని మీదా గొడవే.

మా వైపు ఇంకో 111 జీవో ఉంది. 2005 జూన్ 27న నీటిపారుదల శాఖ ఇచ్చింది. పోలవరం ముంపు కిందికి వచ్చే ఊళ్ళ లెక్క దానితో ముడిపడి ఉంది. భద్రాచలంలో పెరిగిన నాకే దాని సంగతి చాలాకాలం తెలీదు. తెలిసింది కూడా ఏ ధర్నాలోనో కాదు, ఆంధ్రప్రదేశ్ పునర్‌వ్యవస్థీకరణ చట్టం, 2014 చదువుతుంటే తెలిసింది.

ఒక 111 నగరం కోసం చెరువుల్ని కాపాడాలంటుంది. ఇంకో 111 జలాశయం కోసం ఊళ్ళని లెక్కగడుతుంది. నంబరు కలవడం వట్టి కాకతాళీయమే. కానీ ఒకదాని గురించి పాతికేళ్ళుగా అందరూ వాదించుకోవడం, రెండోది పార్లమెంటు చట్టంలోకి ఎక్కినా ఎవరికీ వినపడకపోవడం మాత్రం కాకతాళీయం అనిపించదు.

సాహిత్య పత్రికలో చట్టం గురించి ఎందుకు అనొచ్చు. ఈ పదేళ్ళలో తెలుగువాళ్ళ బతుకుల్ని ఇంతగా మార్చిన రచన ఇంకోటి నాకు కనపడలేదు. అందరూ దాని గురించి మాట్లాడారు, దాన్ని చదివినవాళ్ళు తక్కువ. నేను లాయర్ని కాను. కథలూ కవిత్వమూ చదివే అలవాటుతోనే దీన్ని చదివాను. ఎవరు కర్త, ఎవరు కర్మ, ఎవరికి పేరుంది, ఏ వాక్యంలో మనుషులున్నారు, ఏ వాక్యంలో లేరు, ఇవే చూసుకుంటూ.

*

ముందు మనుషులున్న వాక్యం. సెక్షన్ 5 ప్రకారం పదేళ్ళకు మించకుండా హైదరాబాద్ రెండు రాష్ట్రాలకీ ఉమ్మడి రాజధాని. ఉమ్మడి రాజధాని అంటే జీహెచ్ఎంసీ పరిధి. ఆ పరిధిలో ఉండేవాళ్ళ కోసం సెక్షన్ 8 రాశారు. అక్కడ నివసించే అందరి ప్రాణానికీ స్వేచ్ఛకూ ఆస్తికీ భద్రత గవర్నర్ ప్రత్యేక బాధ్యత అంటుంది అది. శాంతిభద్రతలు, అంతర్గత భద్రత, కీలకమైన కట్టడాల రక్షణ, ప్రభుత్వ భవనాల కేటాయింపు అందులోకి వస్తాయి. గవర్నర్ తెలంగాణ మంత్రివర్గాన్ని సంప్రదించాలి, కానీ చివరికి తన సొంత నిర్ణయం ప్రకారం నడుచుకోవచ్చు. ఏ విషయం తన విచక్షణ కిందికి వస్తుందో తేల్చేదీ ఆయనే, ఆ మాటే ఆఖరు. సాయానికి ఇద్దరు సలహాదారుల్ని కేంద్రం ఇస్తుంది.

ఈ వాక్యాల్ని ఎక్కడో చదివినట్టు అనిపించింది. వెతికితే రాజ్యాంగంలో నాగాలాండ్ కోసం రాసిన 371ఏ అధికరణంలో దొరికాయి. అక్కడ శాంతిభద్రతలు గవర్నర్ ప్రత్యేక బాధ్యత. మంత్రివర్గాన్ని సంప్రదించాక సొంత నిర్ణయం, ఆ నిర్ణయం మీద ప్రశ్న లేకపోవడం, వరసతో సహా అంతా దాదాపు అదే. అరుణాచల్ ప్రదేశ్ గురించిన 371హెచ్‌లోనూ అదే అచ్చు. ఇంకా వెనక్కి వెళ్తే 1935 భారత ప్రభుత్వ చట్టం. ప్రజలు ఎన్నుకున్న మంత్రుల మీద పూర్తి నమ్మకం లేని బ్రిటిష్ ప్రభుత్వం తన గవర్నర్లకి ‘ప్రత్యేక బాధ్యతలు’, ‘సొంత నిర్ణయం’ అనే రెండు మాటల్ని అందులో ఇచ్చింది. ఆ రెండూ వలసపాలన నుంచి సరిహద్దు కొండలకు వెళ్ళి, అక్కడి నుంచి హైటెక్ సిటీకి దిగాయన్నమాట.

అందుకే సెక్షన్ 8 మీద తెలంగాణ ప్రభుత్వానికి వచ్చిన కోపం నాకు అర్థమవుతుంది. 2014 ఆగస్టులో గవర్నర్ అధికారాల గురించి కేంద్ర హోంశాఖ లేఖ రాసినప్పుడు హైదరాబాద్ ఒప్పుకోలేదు. 2015లో ఓటుకు నోటు కేసు, ఫోన్ ట్యాపింగ్ ఆరోపణలు వచ్చినప్పుడు సెక్షన్ 8ని అమలు చేయాలని ఆంధ్ర వైపు నుంచి గట్టిగా అడిగారు. ఓట్లేసి గెలిపించుకున్న ప్రభుత్వం ఉన్నచోట పోలీసుల మీద పెత్తనం ఇంకొకరికి ఎందుకివ్వాలి అన్న ప్రశ్న న్యాయమైనది. ఢిల్లీ వాళ్ళు దశాబ్దాలుగా అడుగుతున్న ప్రశ్నే ఇది. నాగాలాండ్‌కి రాజ్యాంగంలోనే రాసిన మినహాయింపుని ఇక్కడ మామూలు చట్టంలో రాస్తే చెల్లుతుందా అన్న చర్చా వచ్చింది. చివరికి ఆ సెక్షన్ ఎక్కువకాలం కాగితం మీదే ఉంది.

కానీ ఒకటి గమనించండి. మంచో చెడో, అది మనుషుల గురించి రాసిన వాక్యం. రాజధానిలో ఉండేవాడికి ప్రాణం ఉందని, ఆస్తి ఉందని, భయం ఉండొచ్చని చట్టానికి తెలుసు. ఆ భయానికి ఒక జవాబుదారుని కూడా చూపించింది.

*

ఇప్పుడు సెక్షన్ 3. తెలంగాణలో ఏ జిల్లాలుంటాయో చెప్పేది. ఖమ్మం దగ్గరకి వచ్చేసరికి వాక్యం తడబడుతుంది. ఖమ్మం, కానీ ఫలానా 111 జీవోలో చెప్పిన మండలాల్లోని రెవెన్యూ గ్రామాలు మినహా, బూర్గంపాడు మండలంలో ఇంకో మూడు రెవెన్యూ గ్రామాలు మినహా. మొదటి రకం ఊళ్ళకి చట్టంలో పేర్లు కూడా లేవు. మీ ఊరు ఏ రాష్ట్రమో తెలుసుకోవాలంటే నీటిపారుదల శాఖ జీవో తెచ్చుకోవాలి. ఒక దేశపు పార్లమెంటు ఊళ్ళకి ఇచ్చిన చిరునామా, అవి మునిగే ప్రాజెక్టు ఫైలు నంబరు.

2014 మార్చి 1న ఈ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. ఏప్రిల్ 30న మా వైపు ఎన్నికలు జరిగాయి. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం వాళ్ళు భద్రాచలం నియోజకవర్గంలో ఓట్లేశారు. మే 29న ఆర్డినెన్స్ వచ్చింది. అంటే ఓటేసి నెల తిరక్కముందే. ఈసారి ఊళ్ళు కాదు, మండలాలకు మండలాలే కదిలాయి. కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, పన్నెండు ఊళ్ళు మినహా బూర్గంపాడు, భద్రాచలం రెవెన్యూ గ్రామం మినహా భద్రాచలం మండలం. జులైలో పార్లమెంటు దాన్ని సవరణ చట్టంగా ఆమోదించింది.

‘భద్రాచలం మినహా భద్రాచలం.’ కవి రాస్తే శ్లేష అనేవాళ్ళం. పట్టణం తెలంగాణలో, దాని చుట్టూ ఉన్న మండలం ఆంధ్రలో. అప్పుడు భద్రాచలం నుంచి గెలిచిన ఎమ్మెల్యే సున్నం రాజయ్య సొంతూరు వరరామచంద్రపురం మండలంలో ఉంది. ఆయన హైదరాబాద్‌లో తెలంగాణ అసెంబ్లీలో కూర్చున్నారు, ఆయన ఊరు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఆయనకి ఓటేసిన ఆ మండలాల వాళ్ళు ఆంధ్ర అసెంబ్లీకి మొదటిసారి ఓటేసింది 2019లో. మధ్యలో అయిదేళ్ళు వాళ్ళని ఏ సభ మా మనుషులు అనుకుందో చెప్పడం కష్టం.

*

ఇక్కడ నా వాదనకి నేనే అడ్డం తగులుకోవాలి. సరిహద్దు గీసే సెక్షన్‌లో ఊళ్ళ పేర్లుంటాయి గానీ మనుషుల గోడు ఎందుకుంటుంది? ఆదిలాబాద్, కరీంనగర్ కూడా అందులో వట్టి పేర్లే కదా. నిజమే. పోలవరం కట్టాలనుకున్నాక ముంపు ప్రాంతం, పునరావాసం ఒకే రాష్ట్రం చేతిలో ఉంటే పని సులువు అన్న మాటలోనూ పాలనాపరంగా తర్కం ఉంది. పైగా భద్రాచలం అనాదిగా తెలంగాణ అనడానికీ లేదు. 1860లో నిజాం నుంచి బ్రిటిష్ వాళ్ళకి, సెంట్రల్ ప్రావిన్సెస్ కిందికి పోయింది. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకి మారింది. తర్వాత తూర్పుగోదావరి. 1959లో ఖమ్మం. 2014లో చీలిక. 2016 అక్టోబరులో పట్టణం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి, 2022 ఏప్రిల్‌లో చింతూరు, కూనవరం వైపు మండలాలు పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. ఇన్నిసార్లు చేతులు మారిన నేల మీద నిలబడి ‘ఇది మా గడ్డ’ అని అరవడం నాకు చేతకాదు.

నా అభ్యంతరం గీత మీద కాదు. గీత గీశాక హైదరాబాద్‌కి ఒక సెక్షన్ 8 రాయాలని తోచిన చేతికి, చింతూరుకి అలాంటిదొకటి రాయాలని తోచకపోవడం మీద.

అసలు రాయక్కర్లేదు కూడా. అప్పటికే ఉంది. మా ప్రాంతం రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద ఉన్న ఏజెన్సీ. అక్కడ గవర్నర్ ఒక చట్టం వర్తించదని ప్రకటించగలరు, భూమి చేతులు మారకుండా నిబంధనలు చేయగలరు, పాలన గురించి రాష్ట్రపతికి నివేదిక పంపాలి. ఏజెన్సీలో అందరి నోటా వినపడే ‘వన్ ఆఫ్ సెవెంటీ’, అంటే 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, ఆ అధికారంతో చేసిందే. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రాజెక్టులకి భూమి తీసుకునే ముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. కోయలకూ కొండరెడ్లకూ ఇవన్నీ కాగితం మీద ఉన్నవే.

ఆర్డినెన్స్ వచ్చిన రోజు ఎవరున్నారో చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన. అడగడానికి పనిచేస్తున్న అసెంబ్లీ లేదు. తెలంగాణ రాష్ట్రం ఇంకా పుట్టలేదు, నాలుగు రోజులు ఆగాలి. రాష్ట్రాల సరిహద్దు మార్చేముందు రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం శాసనసభ అభిప్రాయం అడగాలి కదా అన్న అభ్యంతరం తర్వాత వచ్చింది. అప్పుడు పాలన చూస్తున్నది గవర్నరే. జూన్ 2 తర్వాత రెండు రాష్ట్రాలకీ ఆయనే గవర్నర్, 2019 దాకా. అంటే హైదరాబాద్‌కి సెక్షన్ 8 బాధ్యుడు, గోదావరికి అటూ ఇటూ ఏజెన్సీకి అయిదో షెడ్యూలు బాధ్యుడు ఒకే పదవిలో ఉన్న ఒకే మనిషి. రాజధానిలో ఆయన అధికారం ఎంతవరకూ అని రెండు ప్రభుత్వాలు కొట్టుకున్నాయి. ఏజెన్సీలో ఆయన బాధ్యత ఎంతవరకూ అని ఆ రెంటిలో ఏదీ ఢిల్లీకి పరిగెత్తిన గుర్తు నాకు లేదు. ఇది ఒక వ్యక్తి తప్పు అనను. ఏ పదవిని ఎక్కడ గుర్తుచేసుకోవాలో, ఎక్కడ మర్చిపోవాలో నేర్చుకున్న రాజకీయం ఇది.

సరిహద్దు కొండల కోసం పుట్టిన మాటల్ని నగరానికి తెచ్చారు. అసలు కొండలున్న చోట, ఆ మాటలకి తమ్ముళ్ళలాంటివి రాజ్యాంగంలోనే ఉన్నా, పలకలేదు.

*

దీనికి సాహిత్యం ఏం చేసింది? భద్రాచలానికీ రాజధానికీ మధ్య కథ చాలా పాతది. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు. ఖజానాకి పోవాల్సిన శిస్తు గుడికి పెట్టాడు, గోల్కొండలో తానీషా చెరసాలలో పడ్డాడు. మనం దీన్ని భక్తి కథగానే విన్నాం. కానీ దాని మొదటి మెలిక పాలనది. భద్రాచలంలో వసూలైన డబ్బు భద్రాచలంలో ఖర్చుపెట్టే హక్కు ఎవరిది? చెరసాలలో రామదాసు చేసిన పనీ గమనించదగ్గదే. ఏ నగకి ఎంతయిందో లెక్క చెప్పి, దేవుణ్ణే జవాబు అడిగాడు. అర్జీని పాట చేశాడు. రాజధాని ఇవ్వని జవాబు కోసం ఇంకో దర్బారు వెతుక్కున్నాడు.

ఆ అర్జీ సంప్రదాయం ఏమైందా అని అనిపిస్తుంటుంది. రాజధాని మీద మనం చాలా రాశాం. ‘మద్రాస్ మనదే’ అన్న నినాదం నుంచి మొదలు. పొట్టి శ్రీరాములు ప్రాణం పోయింది, 1953లో కర్నూలు గుడారాల్లో ఆఫీసులు నడిచాయి, 1956లో హైదరాబాద్ వచ్చాం. తెలంగాణ ఉద్యమ కవిత్వంలో హైదరాబాద్ తల్లి, ప్రియురాలు, పోగొట్టుకున్న ఇల్లు. 2019 డిసెంబరు తర్వాత అమరావతి మీద పాటలూ కవితలూ వచ్చాయి. భూములిచ్చిన రైతుల బాధ నిజమైనదే. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు వచ్చినరోజు ఆ వార్త రాష్ట్రం దాటి వినపడింది. రాజధాని మారితే చరిత్ర అంటాం. భద్రాచలం మారితే గెజిట్ అంటాం.

1977 దివిసీమ ఉప్పెన తర్వాత నగ్నముని ‘కొయ్యగుర్రం’ రాశాడు. నీళ్ళలో పోయినవాళ్ళ పక్కన నిలబడి రాజ్యాన్ని చూసిన దీర్ఘకవిత. ముంపు మండలాలకి అలాంటిది నేనింకా చదవలేదు. ముంపు మీద కథలూ కవితలూ రాలేదని కాదు. వాటిలో నాకు కనపడినవి ఎక్కువగా విలాపాలు. గోదారి, పాపికొండలు, పోతున్న అందం. అందం గురించి ఏడవడం తేలిక. నగరంలో కూర్చుని కూడా ఏడవొచ్చు. సెక్షన్ నంబరుతో, జీవో తేదీతో, రామదాసు నగల లెక్కలా అడిగే రచన కావాలి. దానికి భాష కూడా అడ్డమే. చట్టం ఇంగ్లీషులో ఉంది, దాని మీద వాదన తెలుగులో జరిగింది, మునిగే ఇళ్ళలో చాలావాటిలో మాట్లాడేది కోయ. ఈ మూడింటి మధ్య దుబాసీ పని మనలాంటి చదువుకున్నవాళ్ళు చేయాలి. నేనూ ఇన్నాళ్ళూ చేయలేదు. హైదరాబాద్‌లో ఉండి సెక్షన్ 8 మీద వాదించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అప్పటికి సెక్షన్ 3 చదవలేదు.

*

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 తర్వాత అంతటి నీళ్ళు అదే. పట్టణం ఒక రాష్ట్రం, పక్క ఊరు ఇంకో రాష్ట్రం, వరద ఒకటే. కూనవరం మనిషికి జబ్బు చేస్తే భద్రాచలం ఆస్పత్రే దగ్గర. భద్రాచలం చెత్త వేసుకోవడానికి చోటు లేక అవస్థ పడుతుంటే చుట్టూ ఉన్న నేల వేరే రాష్ట్రానిది. రాముడు తెలంగాణలో ఉన్నాడు, ఆయన మాన్యం పురుషోత్తపట్నంలో, ఆంధ్రలో ఉంది. శ్రీరామనవమికి ముత్యాల తలంబ్రాలు ఇప్పటికీ రాజధాని నుంచే వస్తాయి. ఏడాదికి ఒకసారి ప్రభుత్వం మా ఊరికి నడిచి వచ్చేది అప్పుడే.

ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, ఈ అయిదు పంచాయతీల నుంచి తమని మళ్ళీ భద్రాచలంతో కలపమన్న మాట వస్తూనే ఉంది. కలపాలో వద్దో తేల్చే అర్హత నాకు లేదు. ఈసారైనా వాళ్ళని గ్రామసభలో కూర్చోబెట్టి అడగాలి, కోయలో అడగాలి అన్నంతవరకే నా పట్టుదల.

2024 జూన్ 2న హైదరాబాద్ ఉమ్మడి రాజధాని గడువు తీరింది. పత్రికల్లో మొదటి పేజీ వార్త. ఒక నగరం పూర్తిగా తనదైందని సంబరం. సెక్షన్ 8 చేతికిచ్చిన అధికారం ఆ పరిధితోపాటే ముగిసింది. రాజధాని గురించి రాసినప్పుడు దానికి ముగింపు తేదీ కూడా రాసుకోవాలని చట్టానికి తెలుసు. సెక్షన్ 3కి అలాంటి తేదీ ఉండదు. సరిహద్దులకి ఉండదు కూడా.

ఆ మధ్య భద్రాచలం నుంచి దుమ్ముగూడెం బస్సెక్కాను. కాసేపటికే ఆంధ్ర వచ్చింది, ఇంకాసేపటికి మళ్ళీ తెలంగాణ వచ్చింది. పక్క సీటులో ఉన్న పెద్దాయన్ని, ‘ఇదే కదా తాతా ఆంధ్ర’ అని అడిగాను. ఆయన కిటికీలోంచి చూసి, ఆ చేను ఎవరిదో పేరు చెప్పాడు.